పెంటమ్మ పేరు మార్చకు

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. ముసలామె బాగా కుదిరింది. కానీ బ్యాంకులో ఆమె పేరు పిలవగానే అందరూ కిసుక్కుమనడం, ఆ వాక్యంలో నువ్వూ వాళ్ళతో కలిసి నవ్వడం నచ్చలేదు. ఇప్పుడేమో ‘ఓల్డ్‌గా ఉంది, మార్చేయనా’ అని అడుగుతున్నావు. మార్చకు.

పల్లెల్లో పెంట అంటే పేడ, కసువు, బూడిద పోసే కుప్ప. ఎండాకాలంలో దాన్నే బండ్లకెత్తి పొలానికి ఎరువుగా తోలేవారు. పుట్టిన బిడ్డలు వరసగా పోతున్న ఇంట్లో మళ్ళీ కాన్పయితే, పసిగుడ్డును చేటలో పెట్టి ఆ పెంటకుప్ప మీద పడుకోబెట్టేవారు. ఎవరికీ అక్కర్లేని బిడ్డ అనుకుని చావు పక్కకి తప్పుకుంటుందని. ఆ తర్వాత ఇంకెవరో ఎత్తుకొచ్చి తల్లి ఒడిలో వేసేవారు. ఆడపిల్ల అయితే పెంటమ్మ, మగపిల్లాడైతే పెంటయ్య. ఎంగిలి విస్తళ్ళ మీద దొర్లిస్తే పుల్లమ్మ, పుల్లయ్య. పుల్లాకు అంటే ఎంగిలి విస్తరే. ఉత్తరాంధ్రలో కాస్త తవుడిచ్చి బిడ్డను కొన్నట్టు చేస్తే తవిటమ్మ, తవిటయ్య. తమిళుల కుప్పమ్మాళ్, కుప్పుసామి కూడా ఈ కోవలోవే.

మూఢనమ్మకం అని కొట్టిపారేసే ముందు ఒక లెక్క చూడు. 1900ల తొలినాళ్ళలో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో రెండొందల మందికి పైగా ఏడాది నిండకుండానే పోయేవారు. 2020 నాటికి ఆ లెక్క 28. టీకాలు, ఆసుపత్రులు వచ్చాక ఈ పేర్లూ తగ్గాయి.

అలాగని ప్రతి పేరుకూ ఇదే కథ అంటగట్టకు. నూకరాజు, నూకాలమ్మ అంటే నూకలు గుర్తొస్తాయి, కానీ అవి అనకాపల్లి నూకాలమ్మ తల్లి పేరు మీద పెట్టుకున్నవి. నల్లమలలో అప్పాపూర్ పెంట అంటే చెంచుల గూడెం, చెత్తకుప్ప కాదు.

నీమీద కోపం లేదులే. పాతికేళ్ళ వయసులో నేనూ ఒక హాస్యకథలో పనిమనిషికి పెంటమ్మ అనే పేరే పెట్టాను. అచ్చయిందన్న సంబరంలో పత్రిక పట్టుకెళ్ళి మా మేనత్తకు చదివి వినిపించాను. ఆమె పేరూ అదే. ఆ సంగతి పేరు పలికేటప్పుడు గానీ నాకు తట్టలేదు. గొంతు తడబడింది. అత్త దీపం ఒత్తులు చేసుకుంటూ చివరిదాకా విన్నది. ‘మంచిగ రాసినవ్ బిడ్డా’ అని, కాసేపాగి, ‘నాకంటే ముంగట నలుగురు పోయిన్రు. గా పేరు పెట్టినంకనే నేను దక్కిన’ అంది. మళ్ళీ ఒత్తుల్లో పడింది.

నీ పెంటమ్మకు ముందు ఎందరు పోయారు? కథలో రాయకపోయినా ఫరవాలేదు, నీకు తెలిసుండాలి. అది తేల్చుకుని ఆ బ్యాంకు సీను మళ్ళీ రాసి పంపు. వచ్చే నెల కళ్ళ ఆపరేషన్ ఉంది, ఈలోపే పంపితే చదవగలను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు