నెలకు 18,000 కడుతున్నా కార్డు బాకీ తగ్గడం లేదు, సుషీ మానేయాలా?

ప్రశ్న: మాది విజయవాడ, మొగల్రాజపురం. నాకు చేతికొచ్చే జీతం 58,000. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు, ఆమెకు 31,000. నాలుగేళ్ల పాప ఉంది. అద్దె 15,000, కారు వాయిదా 9,400, సరుకులు, పాలు, కూరగాయలు 13,000, గుంటూరులో అమ్మానాన్నలకు 6,000, పాప ఫీజు 6,000, కరెంటు, ఫోన్లు, పెట్రోలు, గ్యాసు 8,500. ఇవి కాక లక్ష రూపాయల చీటీకి 5,000, ఎల్‌ఐసీకి 3,000. మా ఇద్దరికీ సుషీ (అన్నం, చేపతో చుట్టే జపాన్ వంటకం) లాంటివి దొరికే ఏషియన్ ఫ్యూజన్ రెస్టారెంట్లంటే ఇష్టం. నెలకు ఐదుసార్లు వెళ్తాం. వెళ్లినప్పుడల్లా మూడు వేలు అవుతుంది, క్రెడిట్ కార్డు మీదే కడతాం. ఇంటికి తెప్పించుకునేది ఇంకో 4,000. ఫ్రిజ్, పండగ బట్టలు, ఈ బిల్లులు కలిసి కార్డు మీద 64,000 బాకీ ఉంది, వడ్డీ నెలకు 3.5 శాతం. నెలనెలా 18,000 కడుతున్నా బాకీ అక్కడే ఉంటోంది. 'ఒక్క పూట తిండికి మూడు వేలా' అని నాన్నగారు కోప్పడుతున్నారు. ఒక బిల్లు జత చేశాను. పూర్తిగా మానేయమంటారా?

జవాబు: మానేయక్కర్లేదు. నెలకు రెండుసార్లు వెళ్లండి, కానీ కార్డు తీసుకెళ్లకండి. నాన్నగారి భయంలో నిజముంది. కాకపోతే అది తిండి కంటే, ఆ తిండికి డబ్బు ఎక్కడి నుంచి వస్తోందన్న దాంట్లో ఉంది.

మీరు కట్టే 18,000 ఎటు పోతోందో చూడండి. 64,000 మీద 3.5 శాతం వడ్డీ 2,240. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 403. మొత్తం 2,643. ఆ నెల తిన్నది 15,000. రెండూ కలిపితే 17,643. అంటే అసలులో తగ్గింది 357 రూపాయలు. నిజానికి అదీ మిగలదు. గత నెల బాకీ పూర్తిగా కట్టని కార్డుకు వడ్డీ లేని గడువు ఉండదు. శనివారం రాత్రి గీకిన మూడు వేలకు శనివారం నుంచే వడ్డీ లెక్క మొదలవుతుంది. 'నలభై అయిదు రోజులు వడ్డీ లేదు కదా' అనే ధీమా, బాకీ మొత్తం కట్టేవాళ్లకే చెల్లుతుంది. చాలామంది ఇక్కడే దెబ్బతింటున్నారు.

ముందుగా బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగులు తెరిచి దుకాణాల్లో గీకడం, ట్యాప్ చేయడం, ఆన్‌లైన్ వాడకం మూడూ ఆపేయండి. ఈ సదుపాయం ప్రతి బ్యాంకూ ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2020లోనే చెప్పింది. ఫుడ్ యాప్‌ల్లో దాచి ఉంచిన కార్డు నంబరు కూడా తీసేయండి. అది అక్కడ ఉన్నంతకాలం రాత్రి పదింటికి ఆకలేసినప్పుడు వేలు దానిమీదికే పోతుంది.

తర్వాత బ్యాంకుకు ఫోన్ చేసి మొత్తం బాకీని ఈఎంఐగా మార్చమనండి. ఒక్కో కొనుగోలును మార్చడం వేరు, మొత్తం బాకీని మార్చడం వేరు. రెండోదే కావాలని స్పష్టంగా అడగండి. వడ్డీ ఎంత, ప్రాసెసింగ్ ఫీజు ఎంత, ముందే తీర్చేస్తే జరిమానా ఉందా, ఈ మూడూ ఒప్పుకోక ముందే తెలుసుకోండి. ఉదాహరణకు ఏడాదికి 16 శాతం, ఆరు నెలలు అనుకుందాం. వాయిదా 11,170, జీఎస్టీతో మొదటి నెల సుమారు 11,320. మొత్తం వడ్డీ 3,020, దానిపై జీఎస్టీ 544, ఒక శాతం ఫీజు జీఎస్టీతో 755. అంతా కలిపి 4,319. ఇలా మార్చకుండా నెలకు 16,000 చొప్పున ఐదు నెలల్లో తీర్చినా వడ్డీ, జీఎస్టీ కలిసి 7,467 అవుతుంది. అంటే ఈఎంఐగా మారిస్తే మూడు వేలకు పైగా మీకే మిగులుతుంది.

అవతలివాళ్లు పన్నెండు, ఇరవై నాలుగు నెలలు తీసుకోమంటారు. వాయిదా చిన్నగా కనిపిస్తుంది, కానీ మొత్తం వడ్డీ పెరుగుతుంది, ఒప్పుకోకండి. ఇంకో మాట, మార్చిన తర్వాతి స్టేట్‌మెంటులో, అంతకు ముందు స్టేట్‌మెంటుకూ మార్చిన రోజుకూ మధ్య రోజుల వడ్డీ కొన్ని వందలు కనబడుతుంది. పొరపాటున పడిందనుకుని వదిలేస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఆ నెల స్టేట్‌మెంటులో ఎంత ఉంటే అంతా కట్టేయండి.

చీటీ పాడి కార్డు తీర్చేద్దామన్న ఆలోచన వచ్చి ఉంటుంది. 4,319 ఖర్చుతో తీరే బాకీ కోసం పాటలో పదీ పదిహేను వేలు వదులుకోవద్దు.

నెలకు 16,000 ఎక్కడి నుంచి వస్తుందంటే, ఇంటి ఖర్చులు, చీటీ, ఎల్‌ఐసీ పోను మీకు 23,100 మిగులుతోంది. బయట తిండికి 5,000, ఇంటికి తెప్పించుకునేదానికి 1,000, చిల్లర ఖర్చులకు 1,100 పక్కన పెడితే మిగతాది 16,000. వాయిదా పోను ఇంకా 4,600 పైన ఉంటుంది. దాన్ని ముట్టుకోకుండా వేరే పొదుపు ఖాతాలో వేయండి.

రెండు విందులకు 5,000 చాలదంటారేమో. మీరు పంపిన బిల్లునే చూద్దాం. సుషీ రోల్ 545, డిమ్‌సమ్ (ఆవిరి మీద ఉడికించే కుడుములు) 365, బావ్ (కూరిన మెత్తటి బన్ను) 345, రామెన్ (రసంలో వేసిన నూడుల్స్) 495, అన్నంతో గ్రీన్ కర్రీ (కొబ్బరి పాల థాయ్ కూర) 475, మాక్‌టైల్‌లు (మద్యం లేని పానీయాలు) రెండు 470, నీళ్ల సీసాలు రెండు 120. మొత్తం 2,815. దానికి ఐదు శాతం సర్వీసు ఛార్జి 141, ఆ మొత్తం మీద ఐదు శాతం జీఎస్టీ 148. మీరు కట్టింది 3,104.

సర్వీసు ఛార్జి ప్రభుత్వ పన్ను కాదు. బిల్లులో దానంతటది వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. డబ్బు కట్టక ముందే మేనేజరును పిలిచి తీసేయమనండి, కాదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. మీ బిల్లులో జీఎస్టీని దాని మీద కూడా వేశారు చూడండి. సర్వీసు ఛార్జి తీసేస్తే, దాని మీది జీఎస్టీతో కలిపి మీకు తగ్గేది 148 రూపాయలు. వడ్డించిన కుర్రాడికి ఇవ్వాలనిపిస్తే నేరుగా అతని చేతిలో పెట్టండి.

నీళ్ల సీసా సంగతి వేరు. మీద ఎంత ధర అచ్చయి ఉన్నా, కూర్చుని తినే చోట అంతకన్నా ఎక్కువ తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది కాబట్టి అక్కడ వాదించి లాభం లేదు. కూర్చోగానే మామూలు నీళ్లు ఇమ్మనండి. నీళ్లు, మాక్‌టైల్‌లు, సర్వీసు ఛార్జి తీసేస్తే అదే భోజనం 2,336కి వస్తుంది. తేడా 768. అంటే మీ బిల్లులో దాదాపు నాలుగో వంతు తిండి కానే కాదు.

ఇక ఏం తెప్పించుకోవాలన్నది. ఇంట్లో చేసుకోలేని వాటికే డబ్బు పెట్టండి. రామెన్ రసం కోసం ఎముకల్ని గంటల తరబడి మరిగించాలి. సుషీ బియ్యాన్ని సరైన జిగురుకు తేవడం, డిమ్‌సమ్ పొర పల్చగా ఒత్తి చిరగకుండా మడవడం చేయి తిరిగినవాళ్ల పని. వాటి ధర న్యాయమే. అదే మెనూలో ఉండే ఫ్రైడ్ రైస్, హక్కా నూడుల్స్‌కు అంత పెట్టనక్కర్లేదు, బెజవాడలో ఏ వీధిలో అయినా సగానికి దొరుకుతాయి. సాల్మన్ చేప చల్లదనం తప్పకుండా దూరం నుంచి రావాలి కాబట్టి దానితో చేసిన రోల్ ఖరీదెక్కువ. రొయ్యల రోల్ తీసుకుంటే చాలాచోట్ల తగ్గుతుంది, రొయ్యకు మన జిల్లాలే పుట్టిల్లు.

అన్నీ ఒకేసారి చెప్పకండి. ముందు సుషీ, డిమ్‌సమ్, ఆ తర్వాత రామెన్. ఈ మూడూ అక్కడే తినేయాలి. పార్శిల్ కట్టిస్తే రామెన్‌లో నూడుల్స్ రసమంతా పీల్చి ఉబ్బిపోతాయి, పచ్చి చేప ఉన్న సుషీ నిలవ ఉంచకూడదు. కర్రీ సంగతి చివర్లో, ఆకలి మిగిలితేనే. ఇద్దరు పెద్దలు, నాలుగేళ్ల పాప ఉన్న బల్ల మీద బావ్, రోల్, రామెన్, అన్నం అన్నీ పిండి పదార్థాలే కావడంతో సగం మిగిలిపోతుంది.

గ్రీన్ కర్రీ అయితే ఇంట్లోనే బాగా కుదురుతుంది. గ్రీన్ కర్రీ పేస్టు 50 గ్రాములు, చిక్కటి కొబ్బరి పాలు 400 మిల్లీలీటర్లు, చికెన్ పావు కిలో, వంకాయ ముక్కలు. పేస్టును సన్నని సెగ మీద రెండు మూడు నిమిషాలు వేయించాకే పాలు పోయాలి. వేయించకపోతే పచ్చి వాసన పోదు. ముగ్గురికి మూడున్నర వందల్లో అయిపోతుంది. ఇంటికి తెప్పించుకునే 4,000ను వెయ్యికి తేవడానికి నెలకు రెండు ఆదివారాలు ఇలా చేసుకోండి. యాప్‌లో ప్యాకింగు, డెలివరీ, ప్లాట్‌ఫామ్ ఫీజులు తిండితో సంబంధం లేకుండా పడుతుంటాయి.

పెద్ద హోటళ్ల లోపలి రెస్టారెంట్లకు వెళ్లేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. గది అద్దె రోజుకు 7,500 దాటే హోటళ్లలో జీఎస్టీ 18 శాతం. మీ బిల్లులోని 2,225 తిండికి 111 బదులు 400 పడుతుంది. '2,500 దాటితే పది శాతం తగ్గింపు' లాంటి ఆఫర్లూ అంతే. 2,150 అయిన బిల్లును ఇంకో ప్లేటు చెప్పి 2,500 చేస్తే కట్టేది 2,250. తగ్గింపు వచ్చాక కూడా వంద ఎక్కువే.

ఆ 5,000ను ఒకటో తారీఖున మీ ఆవిడ పేరున వేరే ఖాతాలో వేసి, దానికే యూపీఐ పెట్టుకోండి. అది అయిపోతే ఆ నెలకు అంతే. అమ్మానాన్నలు గుంటూరు నుంచి వచ్చినప్పుడు బయటికి తీసుకెళ్లినా ఆ ఖర్చు కూడా ఇందులోనుంచే పోవాలి.

ఆరు నెలలయ్యాక కార్డు బాకీ సున్నా, పొదుపు ఖాతాలో సుమారు 28,000 ఉంటాయి. అప్పటి నుంచి నెలకు 16,000 మొత్తం అక్కడికే పంపండి. చీటీ, ఎల్‌ఐసీతో కలిపి మీ తప్పనిసరి ఖర్చు నెలకు 65,900. మూడు నెలలకు సరిపడా 1,98,000 చేరడానికి ఇంకో పదకొండు నెలలు పడుతుంది. అది చేరాక నెలకు 5,000 పోస్టాఫీసు ఆర్డీలో (నెలనెలా కట్టే డిపాజిట్) వేయండి. 6.7 శాతం వడ్డీతో ఐదేళ్లకు దాదాపు 3,56,800 వస్తుంది, పాప హైస్కూలు ఫీజులకు అక్కరకొస్తుంది. నెలలో మూడో విందు కావాలనుకుంటే అప్పుడు పెట్టుకోండి.