మొదటి రేసు విమానంగా గీ బీ వద్దు

ప్రశ్న: మాస్టారూ, పైరెక్క ట్రైనరు, అంటే రెక్క పైన ఉండే, నేర్చుకునేవాళ్ల రేడియో మోడల్ విమానం మీద చేయి కుదిరింది. ఇప్పుడు ఎరుపు తెలుపుల గీ బీ ఆర్-1 రేసు విమానాన్ని కరెంటు మోటారుతో చిన్న మోడల్‌గా కట్టాలని ఉంది. ప్లాను దొరికింది. మొదలుపెట్టమంటారా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: వద్దు నాయనా. ఆ విమానం మీద మనసు పడడంలో తప్పు లేదు. పీపాకు రెక్కలు మొలిచినట్టుండే ఆ రూపం ఎవరినైనా లాగుతుంది. గ్రాన్‌విల్ సోదరులు 1932లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 800 హార్స్‌పవర్ ఇంజిను చుట్టూ కట్టిన యంత్రం అది. రెక్కల నిడివి 7.6 మీటర్లు, పొడవు 5.4 మీటర్లే. జిమ్మీ డూలిటిల్ ఆ ఏడాదే దానితో థాంప్సన్ ట్రోఫీ విమాన పందెం గెలిచాడు, గంటకు 476 కిలోమీటర్ల రికార్డూ సాధించాడు. ఆ తర్వాత రేసుల నుంచే తప్పుకున్నాడు! అంతటి చేయి తిరిగిన పైలట్ సంగతే అది.

చిన్న బొమ్మగా కడితే చిక్కులు ఇంకా పెరుగుతాయి. తోక మరీ దగ్గరగా ఉండడంతో ఎలివేటర్, అంటే ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక, కాస్త కదిపినా ముక్కు ఎగిరిపడుతుంది. బరువు కేంద్రం నాలుగైదు మిల్లీమీటర్లు వెనక్కి జరిగినా విమానం మన మాట వినదు. అసలు విమానానికి ముందున్న భారీ ఇంజినే తూకం. మన మోటారు ముప్ఫై గ్రాములు, కాబట్టి ముక్కులో సీసం పోయాలి. రేసు విమానంలో సీసం మోయడం నాకు సుతరామూ నచ్చదు.

దాని బదులు కాస్మిక్ విండ్ కట్టండి. లాక్‌హీడ్ విమాన కంపెనీలో పనిచేసే టోనీ లెవియర్, ఆయన తోటివాళ్లు 1947లో గుడ్‌ఇయర్ పందేల కోసం చేసిన విమానం ఇది. ఇంజిను 190 ఘనపుటంగుళాలు మించకూడదు, రెక్క 66 చదరపుటడుగులకు తగ్గకూడదు అన్నవి ఆ పందెం నిబంధనల్లో ముఖ్యమైనవి. 1948లో క్లీవ్‌లాండ్‌లో ‘ఫిష్’ సాల్మన్ అనే పైలట్ ‘మిన్నో’ అనే కాస్మిక్ విండ్‌తో గెలిచాడు. కింది రెక్క, తిన్నని అంచులు, చాలినంత దూరంలో తోక. కట్టేవాడికి ఇంతకంటే ఏం కావాలి?

ఎనిమిదో వంతు కొలతకు రెక్కల నిడివి 72 సెంటీమీటర్లు, రెక్క వైశాల్యం సుమారు 960 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. మొత్తం బరువు 300 గ్రాములు దాటనివ్వకండి. బ్యాటరీ 70, మోటారూ స్పీడ్ కంట్రోలరూ కలిపి 45, సర్వోలకూ (పలకలను కదిపే బుల్లి మోటార్లు) రిసీవరుకూ 30, ప్రొపెల్లరూ స్పిన్నరూ 10 పోతే, చట్రానికి మిగిలేది 145. అందుకే బల్సా అనే తేలిక కర్ర కొనేటప్పుడు చిన్న త్రాసు వెంట తీసుకెళ్లండి. ఒకే కొలత ఉన్న ఒకటిన్నర మిల్లీమీటర్ల షీటు ఒకటి పది గ్రాములు తూగితే, పక్కది ఇరవై తూగుతుంది. తేలికవి తోకకు, గట్టివి రెక్క స్పారుకు, అంటే రెక్క పొడవునా సాగే వెన్నుకర్రకు. సన్‌బోర్డు పీవీసీది, బరువెక్కువ, దాని జోలికి పోకండి. థర్మోకోల్ వాడితే ఫెవిక్విక్ తగలనివ్వకండి, కరిగిపోతుంది. చక్రాలు ఫొటో కోసం తగిలించండి. ఎగరేసేటప్పుడు తీసేసి, గడ్డి మీద పొట్టతో దించండి.

ప్రశ్న: మా అబ్బాయికి మోటారు కొనబోతే ‘కేవీ ఎంత ఎక్కువైతే అంత బలం’ అన్నారు. నిజమేనా?
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: కాదండీ. కేవీ అంటే, ఒక్కో వోల్టుకు మోటారు ఖాళీగా నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందన్న లెక్క. 1800 కేవీ మోటారుకు మూడు సెల్‌ల బ్యాటరీ, అంటే 11.1 వోల్టులు ఇస్తే, ఖాళీగా దాదాపు 20,000 చుట్లు. ప్రొపెల్లర్ బిగించాక 15,000 అనుకోండి. ఆరంగుళాల వ్యాసం, నాలుగంగుళాల పిచ్ ఉన్న ప్రొపెల్లర్ ఒక్కో చుట్టుకు పది సెంటీమీటర్లు ముందుకు తోస్తే, గంటకు 90 కిలోమీటర్లు. 300 గ్రాముల బొమ్మకు ఇది చాలు, కరెంటు 9, 10 ఆంపియర్లు లాగుతుంది. స్పీడ్ కంట్రోలర్ 20 ఆంపియర్లది తీసుకోండి. కేవీ పెంచి ప్రొపెల్లర్ మార్చకపోతే మోటారు కాలిపోతుంది, డబ్బులు మీవి.

ఇంకో మాట, మీ ఊళ్లో మే నెల ఎండకు కారులో లిథియం పాలిమర్ బ్యాటరీ వదలకండి. నాలుగైదు రోజులు ఎగరేయని పక్షంలో సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర దాచండి. ఛార్జింగ్ పెట్టి పడుకోకండి.

ప్రశ్న: చేత్తో విసిరిన మరుక్షణం విమానం ఎడమకు ఒరిగి పడుతోంది. దిగేటప్పుడు ఒక రెక్క ఉన్నట్టుండి వాలిపోతోంది. రెండింటికీ కారణం ఒకటేనా, మాస్టారూ?
– పరిశోధక విద్యార్థిని, గుంటూరు

జవాబు: వేరువేరమ్మా. మొదటిది మోటారు తిప్పుడుకు ఎదురుబలం. ప్రొపెల్లర్ కుడికి తిరిగితే శరీరం ఎడమకు ఒరగబోతుంది. మోటారును రెండు డిగ్రీలు కుడికి తిప్పి బిగించండి. విసిరేటప్పుడు థ్రాటిల్ మూడింట రెండు వంతులే ఉంచి, నేలకు సమాంతరంగా బలంగా విసరండి. వేగం అందుకున్నాకే పూర్తిగా తెరవండి.

రెండోది రెక్క కొస స్టాల్. కొస సన్నగా ఉన్న రెక్కలో, వేగం తగ్గినప్పుడు ముందుగా కొసే పైకెత్తే బలం కోల్పోతుంది. కట్టేటప్పుడే కొసలను ముందు అంచు కిందికి ఉండేలా రెండు డిగ్రీలు మెలితిప్పాల్సింది. రెక్క ఇప్పటికే కట్టేశారు కనుక, రెండు ఐలరాన్లనూ, అంటే రెక్కల వెనక అంచున కదిలే పలకలను, ఒకటి రెండు మిల్లీమీటర్లు పైకి పెట్టి చూడండి. దిగేటప్పుడు కొంచెం థ్రాటిల్ ఉంచి, ముక్కు ఎత్తకుండా రండి.

ఇంతకూ ఎక్కడ ఎగరేస్తున్నారో రాయలేదు. విసిరే ముందు, డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాపులో ఆ చోటు చూడండి. ఎరుపు జోన్ అయితే కేంద్రం అనుమతి లేకుండా ఎగరేయకూడదు. పసుపు అయితే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి కావాలి. ఆకుపచ్చ జోన్‌లో 400 అడుగుల లోపు, విమానాశ్రయానికి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగుల లోపు ఎగరేయవచ్చు.