పక్కింటి అక్క దగ్గర చీటీ కట్టాను, ఇప్పుడు ఐపీ పెడతానంటోంది

సందేహం: మా వీధిలో ఒకావిడ చాలా ఏళ్ళుగా చీటీలు నడుపుతోంది. 5 లక్షల చీటీ, 20 మందిమి. అమ్మాయి పెళ్ళికి పనికొస్తుందని నేను పాడకుండా 16 నెలలు కట్టాను, పాట తగ్గింపు పోను 3 లక్షల 40 వేలు దాకా అయింది. రెండు నెలలుగా పాట లేదు. అడిగితే ఏడుస్తోంది, గట్టిగా అడిగితే ఐపీ (కోర్టులో దివాలా పిటిషన్) పెడతానంటోంది. అందరం వెళ్ళి బండి, టీవీ తెచ్చేసుకుందామని పక్కవాళ్ళు అంటున్నారు. నా దగ్గర చీటీ పుస్తకం, కొన్ని ఫోన్‌పే చెల్లింపులు తప్ప ఏమీ లేవు.

జవాబు: ముందు ఆ బండి, టీవీ మాట మానేయండి. మీకు రావాల్సిన డబ్బే అయినా ఇంట్లోకి చొరబడి సామాన్లు ఎత్తుకొస్తే కేసు మీ మీదకు తిరుగుతుంది, అప్పటిదాకా ముద్దాయిగా ఉండాల్సిన మనిషి ఫిర్యాదుదారు అవుతుంది. నలుగురూ కలిసి వెళ్ళి అడగండి, తప్పులేదు. గుమ్మం దాటి వస్తువు మీద చెయ్యి వేయొద్దు.

ఆవిడ ఇంకా ఇంట్లోనే ఉంది, మాట్లాడుతోంది. మీకున్న అసలు బలం ఇదే, తాళం పడ్డాక ఇది ఉండదు. కాబట్టి ఇప్పుడే కాగితం చేయించుకోండి. మీకు రావాల్సిన మొత్తానికి ప్రోనోటు, వీలైతే ఆవిడ చేత్తోనే, తారీఖుతో, రెవెన్యూ స్టాంపు మీదుగా సంతకం పడేలా. ప్రోనోటు మీద కోర్టులో దావా వేయడానికి గడువు 3 ఏళ్ళు. ఆలోపు పదివేలు ఇచ్చినా సరే వెనక పక్క తారీఖు వేసి సంతకంతో చెల్లు రాయించుకోండి, గడువు అక్కడి నుంచి మళ్ళీ మొదలవుతుంది. చెక్కు ఇస్తానంటే అంకె, తారీఖు, పేరు అన్నీ రాసిందే తీసుకోండి. అది బౌన్స్ అయితే బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో లాయరు నోటీసు వెళ్ళాలి, నోటీసు అందాక 15 రోజుల్లో కట్టకపోతే ఆ తర్వాతి నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి. ఈ తేదీలు దాటిపోయి నా దగ్గరికి వచ్చేవాళ్ళను చూస్తే నిజంగా బాధేస్తుంది.

చీటీ పుస్తకం ప్రతి పేజీ ఫొటో తీసి పెట్టుకోండి, అసలు పుస్తకం మాత్రం లెక్క చూస్తానని ఆవిడ అడిగినా ఇవ్వకండి. నెలనెలా అంకె పక్కన ఆవిడ పెట్టిన ఆ పొడి సంతకమే మీ సాక్ష్యం. ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు సరిపోవు, బ్యాంకుకు వెళ్ళి స్టాంపు వేసిన స్టేట్‌మెంట్ తెచ్చుకోండి. చెల్లింపుల మెసేజీలున్న ఫోను అమ్మొద్దు, మార్చొద్దు.

ఇక పోలీసు కేసు. 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం ముందస్తు అనుమతి, రిజిస్ట్రేషన్ లేకుండా చీటీ నడపడమే నేరం, 2 ఏళ్ళ దాకా జైలు ఉంది. కట్టినందుకు మీరు భయపడక్కర్లేదు, చట్టం పట్టుకునేది నడిపినవాళ్ళని. మోసం చేసే ఉద్దేశం కనబడితే భారతీయ న్యాయ సంహిత 318 కింద కేసు పెట్టొచ్చు, 7 ఏళ్ళ దాకా శిక్ష పడే సెక్షన్ అది. పది మంది కలిసి, ఎవరెవరు ఎంత కట్టారో లెక్కతో ఒకే ఫిర్యాదు ఇస్తే స్టేషన్లో పట్టించుకునే అవకాశం ఎక్కువ.

ఐపీ అనగానే డబ్బు పోయిందని చాలామంది చేతులెత్తేస్తారు, అది తప్పు. ఐపీ పెట్టినంత మాత్రాన క్రిమినల్ కేసు ఆగదు, మోసంతో చేసిన బాకీ దివాలాతో రద్దు కాదు కూడా. కోర్టు నుంచి నోటీసు వస్తే తిప్పి పంపకుండా తీసుకుని, వెళ్ళి మీ అభ్యంతరం చెప్పండి. ఆ ఇల్లు ఎవరి పేరున ఉందో ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి చూడండి, ఈమధ్య మరిదికో తమ్ముడికో రాసేసి ఉంటే దాన్నీ సవాలు చేయొచ్చు. అమ్మే ప్రయత్నంలో ఉంటే డబ్బు దావాతో పాటే తీర్పుకు ముందు జప్తు అడగొచ్చు.

లాయరు ఫీజుకు టెన్షన్ పడకండి. ఆడవాళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, 15100కి ఫోన్ చేయండి. మళ్ళీ ఆవిడ ఇంటికి వెళ్ళేటప్పుడు మాత్రం ప్రోనోటు కాగితం, రెవెన్యూ స్టాంపు, పెన్ను మీరే పట్టుకెళ్ళండి, "రేపు రాసిస్తాలే అమ్మా" అనే మాటకు చోటివ్వకండి.