ఆఫీసులో ఆటలు పెడితే ఉద్యోగుల్లో హుషారు పెరుగుతుందా?

పెరుగుతుంది, ఆడించేవాడు యజమాని కాకపోతే. జీతం ఇచ్చేవారు ఆడమంటే అది కూడా డ్యూటీయే. పైగా నవ్వుతూ చేయాల్సిన డ్యూటీ.

గుంటూరులో ఒక మిర్చి ఎగుమతి సంస్థలో లెక్కలు రాసేవాణ్ణి. మార్చి నెల, మిర్చి యార్డుకు రోజుకు లక్ష టిక్కీలు (మిర్చి బస్తాలు) దాటి వస్తున్న సీజను. కొత్తగా వచ్చిన మేనేజరుగారు ‘సరదా శుక్రవారం’ ప్రకటించారు. అందరూ గోదాములో నిలబడి బూరలు (బెలూన్లు) ఊదాలి, పెద్ద బూరకు బహుమతి. తేజ మిర్చి ఘాటు కమ్ముకున్న గోదాములో! బూర ఊదాలంటే ముందు గుండెల నిండా గాలి పీల్చాలి కదా. పీల్చాం. ఇక చూడండి, ఒకరికి దగ్గు, ఒకరికి తుమ్ములు, అందరికీ కళ్ళల్లో ధారలు. కాటా చూసే బాబాయి తువ్వాలుతో ముక్కు తుడుచుకుంటూ, “సార్, దీన్ని ఇంటికి తీసుకెళ్ళి మా మనవడి చేత ఊదిస్తాను, సోమవారం కొలుచుకోండి” అన్నాడు. బయట లారీ డ్రైవరు హారను ఆపడం లేదు. అతనికి బిల్లు ఇవ్వాల్సిన నేను పచ్చ బూర పట్టుకుని నిలబడ్డాను. ఆ ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద ‘ఆనందబాష్పాలు’ అని రాశారు మేనేజరుగారు.

అదే గోదాము వెనక రేకుల షెడ్డులో ముఠా కూలీల క్యారమ్ బోర్డు ఉండేది. ఎవరూ పెట్టమనలేదు, ఎవరూ ఫొటో తీయలేదు. అన్నాలు తిన్నాక ఆట. రెడ్డు వేసి, వెంటనే ఇంకో కాయిన్‌తో ఫాలో వేయలేనివాణ్ణి సాయంత్రం దాకా ఏడిపించేవారు, టిక్కీలు మోస్తూ కూడా. అసలు ఆ తీరిక ముఖ్యం. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కార్మికుడి చేత ఏకబిగిన ఐదు గంటలకు మించి పని చేయించకూడదని, కనీసం అరగంట విరామం ఇవ్వాలని చెప్పేది. మా గుమాస్తాలకు మాత్రం ముద్ద నోట్లో ఉండగానే “ఆ ఇన్‌వాయిస్ ఎక్కడ?” అని ఫోను.

తర్వాత ఏసీ గదిలో టేబుల్ టెన్నిస్ బల్ల కూడా వేశారు. వేసవి ముగిసేలోగా దాని మీద వోచర్ల కట్టలు పేరుకున్నాయి.

విజయవాడ మిత్రులు చెస్ పెట్టమంటారు. మన కోనేరు హంపి 2019లో, మళ్ళీ 2024లో ప్రపంచ మహిళల ర్యాపిడ్ చెస్ టైటిల్ గెలిచింది, గర్వమే. కానీ ఆఫీసుకు చెస్ పనికిరాదు. క్యారమ్‌లో ఓడినవారు నెపం పౌడరు మీద వేయవచ్చు. చెస్‌లో మేనేజరుగారు ఓడితే నెపం వేయడానికి ఏదీ దొరకదు, గెలిచినవాడి ఇంక్రిమెంటు తప్ప.