సందేహాలు – సమాధానాలు: ‘ఊపిరితిత్తుల పొర’ అంటే ఏ పొర?

సందేహం: విద్యార్థుల కోసం ఒక కరపత్రాన్ని తెలుగు చేశాం. అందులో ఒక వాక్యం: ‘ఊపిరితిత్తుల పొరలోని ఆరోగ్యకరమైన కణాలను, కేన్సర్ సోకిన కణాలను పోల్చి చూస్తారు, తీసిన ముక్కను 10 శాతం ఫార్మాల్డిహైడ్‌లో ఉంచుతారు.’ ఇక్కడ ‘పొర’ సరిపోతుందా, ‘ఉపకళ’ అనాలా? ఉపకళ అంటే మా నల్లగొండ పిల్లలకు అర్థం కాదని తోటివారు అంటున్నారు.
– ఒక జంతుశాస్త్ర అధ్యాపకుడు, మిర్యాలగూడ

సమాధానం: మీరు అడిగింది ఒక్క మాట గురించే గాని, ఆ వాక్యంలో సవరించాల్సినవి నాలుగున్నాయి.

ముందు ‘పొర’. అది మంచి తెలుగు మాటే. కంటి పొర, ఉల్లిపొర అన్నప్పుడు ఎవరికీ తికమక లేదు. ఊపిరితిత్తుల దగ్గరకు వచ్చేసరికే చిక్కు, ఎందుకంటే వాటికి బయటా పొర ఉంది, లోపలా ఉంది. బయట కప్పి ఉండేది పుపుస త్వచం, డాక్టర్ల మాటలో ప్లూరా. అది రెండు వరుసలు: ఒకటి ఊపిరితిత్తిని అంటుకొని ఉంటుంది, రెండోది ఛాతీ గోడను. ‘ఊపిరితిత్తుల్ల నీరొచ్చింది’ అని మన ఊళ్లలో అంటారే, ఆ నీరు చాలాసార్లు చేరేది ఊపిరితిత్తి లోపల కాదు, ఈ రెండు వరుసల నడుమ. లోపలి పొర వేరు. శ్వాసనాళాల మొదలు వాయుగోణుల (చివరనుండే చిన్న గాలి సంచుల) దాకా గాలి తగిలే వైపంతా పరచుకొని ఉండేది అదే. మీ కరపత్రం మాట్లాడేది దీని గురించి.

ఏ పొరో చెప్పకపోతే రోగం పేరే మారిపోతుంది. ఊపిరితిత్తుల కేన్సర్‌లో అత్యధిక భాగం లోపలి పొర కణాల నుంచి పుడుతుంది. బయటి పొర నుంచి పుట్టేది మీసోథీలియోమా. ఆస్బెస్టాస్ ధూళి పీల్చినవాళ్లలో దశాబ్దాల తర్వాత బయటపడే, అరుదైన జబ్బు. ‘ఊపిరితిత్తుల పొర కేన్సర్’ అని రాస్తే చదివేవాడు రెండోదనే అనుకోవచ్చు, అందులో అతని తప్పేమీ లేదు.

ఇంగ్లిష్ ‘లైనింగ్’కు మన పాలమూరు, నల్లగొండ దర్జీల దగ్గర సరైన మాట ఉంది: అస్తరు. కోటుకు లోపలివైపు వేసే గుడ్డ. తరగతిలో ‘గాలి గొట్టాలకు లోపల వేసిన అస్తరు’ అని ఒక్కసారి చెప్పి చూడండి, బయటి పొరతో గొడవే ఉండదు. అచ్చులో మాత్రం ‘లోపలి పొర (ఉపకళ)’ అని మొదటిసారి రాసి, తర్వాత ఉపకళ అనే వాడండి. ఇంటర్ జంతుశాస్త్రంలో పిల్లలు చదివేది ఆ మాటే కదా, అర్థం కాదనడం నాకు నచ్చలేదు. ఇందులోని ‘కళ’ నాట్యకళలోని కళ కాదు. శరీరంలోని పొరలను సుశ్రుతుడు కళలన్నాడు, ఏడింటిని లెక్కపెట్టాడు కూడా. సమాసంలో దీర్ఘం మరవకండి: ఉపకళా కణం, ఉపకళా కణజాలం.

‘పొరలు పొరలుగా ఉండే కణాలు’ అని కూడా ఎక్కడైనా రాసి ఉంటే తీసేయండి. పెద్ద శ్వాసనాళాల్లో కణాలన్నీ కింద ఆధార త్వచాన్ని (కణాల అడుగున ఉండే పలచని పొరను) తాకుతూనే ఉంటాయి. కేంద్రకాలు ఎత్తుపల్లాల్లో ఉండటం వల్ల సూక్ష్మదర్శినిలో రెండు మూడు వరుసల్లా కనిపిస్తాయి, అందుకే దాన్ని మిథ్యాస్తరిత ఉపకళ అన్నారు. శైలికలు (వెంట్రుకల్లాంటి సన్నని పోగులు) ఉన్న కణాలు, శ్లేష్మం విడిచే గోబ్లెట్ కణాలు, అడుగున ఆధార కణాలు అందులో ఉంటాయి. ఏళ్ల తరబడి పొగ తాగేవాళ్లలో శైలికల కణాలు పోయి, ఆ చోట బల్లపరుపు శల్క కణాలు నిజంగానే వరుసలు కడతాయి. అది ఇంకా కేన్సర్ కాదు. కేన్సర్‌గా మారిన కణాలు ఆధార త్వచాన్ని దాటాయా లేదా అన్నదే ఆ తర్వాత చూసే గీత. వాయుగోణుల దగ్గర సంగతి వేరు: మొదటి రకం కణాలు సుమారు 95 శాతం వైశాల్యాన్ని పలచగా కప్పుతాయి, రెండో రకం కణాలు వాయుగోణులు ముడుచుకుపోకుండా సర్ఫాక్టెంట్‌ అనే జారుడు పదార్థాన్ని విడుస్తాయి.

‘ఆరోగ్యకరమైన కణాలు’ తప్పు. ఆరోగ్యకరం అంటే ఆరోగ్యాన్ని ఇచ్చేది, జొన్నరొట్టె ఆరోగ్యకరం. కణం ఆరోగ్యంగా ఉంటుంది, అంతే. ‘సోకిన’ కూడా కుదరదు. క్షయ సోకుతుంది, అది అంటుకొనే జబ్బు. కేన్సర్ బయటి నుంచి వచ్చి కణాన్ని తాకదు. ఆ కణంలోని జన్యువులే మారి, అదే కేన్సర్ కణమవుతుంది. పత్రికలు రోజూ రాస్తున్నా ఇది ఒప్పు కాదు, పైగా రోగి ఇంట్లో గ్లాసు వేరు చేసేదాకా తెస్తుంది.

ఫార్మాల్డిహైడ్ మాట భాషది కాదుగాని, ప్రమాదం అందులోనే ఎక్కువ. ప్రయోగశాలలో వాడేది 10 శాతం ఫార్మలిన్. అంటే సీసాలో వచ్చే ఫార్మలిన్ (అందులో ఫార్మాల్డిహైడ్ 37–40 శాతం) ఒక పాలు, బఫర్ (ఆమ్లత్వం మారకుండా చూసే లవణాలు) కలిపిన నీళ్లు తొమ్మిది పాళ్లు. లెక్కకు అందులో ఫార్మాల్డిహైడ్ 4 శాతమే. మీ వాక్యాన్ని నమ్మి కలిపినవాడు రెండున్నర రెట్లు ఘాటుగా కలుపుతాడు.

వాక్యం ఇలా మార్చుకోండి: ‘శ్వాసనాళాల, వాయుగోణుల లోపలి పొరలో (ఉపకళలో) ఆరోగ్యంగా ఉన్న కణాలను, కేన్సర్‌గా మారిన కణాలను పోల్చి చూస్తారు; తీసిన ముక్కను వెంటనే, దాని పరిమాణానికి కనీసం పదింతల 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో వేస్తారు.’