మినీకంప్యూటరుకి డేటాబేస్ ఎంచుకునే ముందు డిస్కు లెక్క వెయ్యి

చి. రవికి,

ఆశీస్సులు. డెక్ కంపెనీ 1970ల మినీకంప్యూటరు పీడీపీ-11/34, 248 కిలోబైట్ల మెమరీ, రెండు ఆర్‌ఎల్‌02 డిస్కు డ్రైవులు, మూడు టెర్మినళ్లు, 20,000 పుస్తకాల కేటలాగు. దీనికి ఏ డేటాబేస్ పెట్టాలని అడిగావు. నీ మనసు ఇంగ్రెస్ అనే డేటాబేస్ మీద ఉన్నట్టుంది. కాస్త ఆగు, ముందు డిస్కు సంగతి చూద్దాం.

ఆర్‌ఎల్‌02లో హెడ్డు జరగడానికి సగటున 55 మిల్లీసెకన్లు పడుతుంది, కావలసిన సెక్టారు (డిస్కులో డేటా ఉన్న ముక్క) తిరిగి దాని కిందికి రావడానికి మరో 12.5. సెకనుకి 15 రీడ్‌లు దాటవు. పాత కంప్యూటర్లని అనుకరించే సిమ్‌హెచ్‌ ప్రోగ్రాములో నడిపి చూస్తే అన్నీ వేగంగానే ఉన్నాయన్నావు. ఉండవా మరి, అక్కడ డిస్కు అంటే నీ ల్యాప్‌టాప్‌లో ఒక ఫైలు! అందులో గడియారం చూసి లాభం లేదు, ఎన్ని రీడ్‌లు అయ్యాయో లెక్కపెట్టు.

ఇంగ్రెస్‌ని 1970లలో బర్క్‌లీలో ఈ పీడీపీ-11ల మీదే కట్టారు. 16 బిట్ల యంత్రంలో ఒక ప్రోగ్రాముకి ఒకేసారి అందేది 64 కిలోబైట్లే. అందులో పట్టక దాన్ని కొన్ని ప్రాసెస్‌లుగా (విడివిడిగా నడిచే ముక్కలుగా) విడగొట్టి, ఒకదాని ఫలితం ఇంకోదానికి అందించే పైపులతో కలిపారు. ప్రతి టెర్మినల్‌కీ ఆ గుంపు మొత్తం లేవాలి. ఇదే జాతిలో పెద్దదైన 11/70లో కోడ్‌కి 64, డేటాకి 64 విడివిడిగా దొరుకుతాయి, మెమరీ 4 మెగాబైట్ల దాకా పెట్టొచ్చు, అక్కడ హాయిగా ఉంటుంది. నీ 11/34లో రెండూ కలిపి 64లోనే సర్దుకోవాలి. ముగ్గురు కూర్చుంటే స్వాపింగ్ (మెమరీ చాలక ప్రోగ్రాములని డిస్కుకీ మెమరీకీ తిప్పడం) మొదలవుతుంది, ఆ స్వాపింగూ అదే ఆర్‌ఎల్‌02 మీదే. ఉన్న 15 రీడ్‌లూ అటే పోతాయి. (మన ఈసీఐఎల్ వాళ్ల టీడీసీ-316 కంప్యూటరు కూడా 16 బిట్లదే. ఆ కాలపు ఇరుకు హైదరాబాదులోనూ అదే.)

ఒరాకిల్ 1979లో పీడీపీ-11కి వచ్చిన మాట నిజమే. అందులో ట్రాన్సాక్షన్లు (పని మధ్యలో ఆగితే మొత్తం వెనక్కి తీసుకునే ఏర్పాటు) లేవు, దాని జోలికి పోకు. డెక్ వాళ్ల డేటాబేస్ డీబీఎంఎస్‌-11 కోబాల్ భాషలో ప్రోగ్రాములు రాసే జట్టు ఉన్నచోట బాగుంటుంది, ఒంటరివాడికి స్కీమా (డేటా అమరిక) మార్చినప్పుడల్లా నడుము విరుగుతుంది. వాళ్లదే ఇంకొకటి, మంప్స్ భాషతో నడిచే డీఎస్‌ఎం-11, చిన్న మెమరీలో చాలామందిని మోస్తుంది, కానీ ఇండెక్సులన్నీ నీ ప్రోగ్రామే చూసుకోవాలి. రోగుల రికార్డుల్లాంటి ఎగుడుదిగుడు డేటాకైతే నేనూ అదే చెప్పేవాణ్ని. కేటలాగు కార్డులన్నీ ఒకే మూసలో ఉంటాయి.

నా మాట వింటే ఆర్‌ఎస్‌ఎక్స్‌-11ఎం ఆపరేటింగ్ సిస్టం మీద ఆర్‌ఎంఎస్‌-11 (రికార్డులని ఫైళ్లలో దాచి తీసే సాఫ్ట్‌వేర్) ఇండెక్స్‌డ్ ఫైలు పెట్టు, ప్రశ్నలు అడగడానికి డేటాట్రీవ్ అనే ప్రోగ్రాము.

ఒక పుస్తకం రికార్డు 110 బైట్లనుకో. ఆర్‌ఎంఎస్ ఒక్క రీడ్‌లో తెచ్చే ముక్కే బకెట్. బకెట్ సైజు ఒక బ్లాకు (512 బైట్లు) పెడితే నాలుగు రికార్డులు పడతాయి, పుస్తకం దొరకడానికి సుమారు నాలుగు రీడ్‌లు. రెండు బ్లాకులు పెడితే ఎనిమిది పడతాయి, ఇండెక్సు ఒక అంతస్తు తగ్గి మూడు రీడ్‌లతో పని అయిపోతుంది, అంటే 200 మిల్లీసెకన్లు. అలాగని ఎనిమిది బ్లాకులకి పోకు. ఇండెక్స్‌డ్ ఫైలుకి కనీసం రెండు బఫర్లు (చదివినది ఉంచుకునే మెమరీ చోట్లు) కావాలి, ఒక్కొక్కటి బకెట్ అంత. అవి నీ ప్రోగ్రాము 64 కిలోబైట్లలోంచే పోతాయి.

మొదటిసారి ఎక్కించేటప్పుడు రికార్డులను ప్రైమరీ కీ (ముఖ్యమైన కీ, ఇక్కడ పుస్తకానికిచ్చిన అక్సెషన్ నంబరు) వరసలో సార్ట్ చేసి ఆర్‌ఎంఎస్‌తో వచ్చే లోడింగ్ ప్రోగ్రాము ఆర్‌ఎంఎస్‌ఐఎఫ్‌ఎల్‌తో లోడ్ చెయ్యి. బకెట్‌కి ఆరు రికార్డులే నింపి రెండిటికి చోటు వదులు. దాదాపు 6,700 బ్లాకులు డేటాకి పోతాయి, ఆర్‌ఎల్‌02లో ఉన్నవి 20,480. ఆ చోటు మొదట్లోనే ఒకే ముక్కగా కేటాయించు, లేకపోతే ఫైలు పెరిగినకొద్దీ తలోచోట పడి హెడ్డు డిస్కంతా తిరుగుతుంది.

చోటు వదలకపోతే ఏమవుతుందంటే, నిండిన బకెట్‌లోకి కొత్త పుస్తకం వస్తే బకెట్ రెండుగా చీలుతుంది. కదిలిన ప్రతి రికార్డుకీ పాతచోట ఒక సూచిక మిగులుతుంది. రచయిత పేరుతో వెతికితే ముందు ఆ పాతచోటికి, అక్కణ్నుంచి కొత్తచోటికి వెళ్లాలి, ఒక రీడ్ అదనం. కొన్ని నెలలకి ఫైలు మందగించిందంటే కారణం చాలావరకు ఇదే. మళ్లీ లోడ్ చేస్తే పోతుంది.

కీలు (వెతకడానికి ఇండెక్సు ఉన్న ఫీల్డులు) మూడు చాలు: అక్సెషన్ నంబరు, రచయిత, పుస్తకం పేరు. ప్రతి అదనపు కీకీ ఎంట్రీ వేసిన ప్రతిసారీ ఇంకో ఇండెక్సు రాయాలి. కీ కాని ఫీల్డు మీద డేటాట్రీవ్‌ని అడిగితే ఫైలు మొత్తం చదువుతుంది, అలాంటి ప్రశ్నలు రాత్రికి పెట్టుకో.

అక్సెషన్ నంబరుని 16 బిట్ల ఇంటిజర్‌గా పెట్టకు. 32,767 దాటగానే మైనస్‌లోకి పోతుంది, ఆరు అక్షరాల ఫీల్డు పెట్టు. తెలుగు పేర్లు ఎలాగూ రోమన్‌లోనే ఎక్కించాలి కదా, ఆ స్పెల్లింగు ముందే ఖాయం చెయ్యి. ఒకే "శ్రీ"ని ఎస్‌-ఆర్‌-ఐ అని ఒకరు, ఎస్‌-హెచ్‌-ఆర్‌-ఐ అని ఇంకొకరు కొడితే ఇండెక్సులో రెండు చోట్ల తేలుతుంది, వెతికేవాడికి సగమే కనిపిస్తాయి.

బకెట్ చీలుతుండగా కరెంటు పోతే ఫైలు చెడుతుంది. రోజూ సాయంత్రం డేటా డిస్కుని వేరే కార్ట్రిడ్జ్‌కి (డ్రైవులోంచి తీసి మార్చగల డిస్కుకి) కాపీ చెయ్యి, రెండు కార్ట్రిడ్జ్‌లు మార్చిమార్చి వాడు. పాత కార్ట్రిడ్జ్ శుభ్రం చేద్దామని అయస్కాంతం దగ్గర పెట్టావో, అది ఇక పనికిరాదు. హెడ్డుకి దారి చూపే గుర్తులు ఫ్యాక్టరీలో రాసినవి, ఇంట్లో మళ్లీ రాయలేం.

ముందు 500 కార్డులతో ఫైలు కట్టి, వాటి మీద కొన్ని చీలికలు కావాలనే తెప్పించి, ఆర్‌ఎంఎస్‌-11 ఎలా తట్టుకుంటుందో చూసి రాయి.

మీ పెదనాన్న