ర్యామ్ మార్చడానికి డబ్బులిచ్చే ముందు ఒక వారం టైమ్ రాసి చూడండి

కంప్యూటర్ ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతోందని అడిగారు కదా, షాపతను అడిగిన ఆ 4,500 రూపాయలు ఇప్పుడే ఇవ్వకండి అండీ. నాలుగేళ్ల డెస్క్‌టాప్ అన్నారు, బ్లూ స్క్రీన్ రాదు, ఏ మెసేజీ ఉండదు, టప్పున ఆరిపోయి దానంతట అదే మళ్లీ ఆన్ అవుతోంది, బాబు ఎంసెట్ మాక్ టెస్ట్ రాస్తుంటే మధ్యలో రెండుసార్లు పోయింది, షాపతనేమో ర్యామ్, అంటే లోపలి మెమరీ ముక్క, మార్చి విండోస్ మళ్లీ ఎక్కించాలి అంటున్నాడు. అచ్చం ఇదే మాట రెండేళ్ల కిందట నాకూ చెప్పారు. నేను నమ్మాను, డబ్బులూ పోయాయి, పదేళ్ల పనీ పోయింది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా, కాస్త ఓపిగ్గా చదవండి.

నేను తణుకు దగ్గర ఇంట్లోనే డీటీపీ చేస్తాను. శుభలేఖలు, కరపత్రాలు, గుడి వాళ్ల వ్రత పుస్తకాలు, అన్నీ పేజ్‌మేకర్ అనే ప్రోగ్రామ్‌లో 'అను' తెలుగు ఫాంట్లతోనే. మాఘమాసం ముహూర్తాలప్పుడు రోజుకి పది కార్డులు కూడా పడతాయి. సరిగ్గా ఆ టైమ్‌లో మొదలైంది, కార్డు మొత్తం సర్దేసి పెళ్లికూతురి ఇంటిపేరు సరిచేస్తుంటే స్క్రీన్ నల్లబడిపోయేది, కేబినెట్‌లో ఫ్యాన్ ఆగిన చప్పుడు, మళ్లీ బుయ్‌మని లేచేది. షాపుకి తీసుకెళ్తే మొదట ర్యామ్ మార్చారు, రెండ్రోజులకి మళ్లీ అదే. రెండోసారి ఫార్మాట్ కొట్టారు, డీ డ్రైవ్‌తో సహా. అందులో నేను పదేళ్లుగా కూడబెట్టుకున్న బోర్డర్లు, దేవుడి బొమ్మలు, పాత కస్టమర్ల మేటరు అంతా ఉంది. బ్యాకప్ ఉందా అని వాళ్లు అడగలేదు, తీసి పెట్టమని నాకూ తోచలేదు. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాను. అంత చేసినా అదే సాయంత్రం మళ్లీ రీస్టార్ట్ అయింది.

అప్పుడు నేను పట్టించుకోవాల్సిన ముక్క ఒకటుంది, పట్టించుకోలేదు. షాపులో రెండ్రోజులు ఉంచినప్పుడు ఒక్కసారి కూడా రీస్టార్ట్ అవ్వలేదని వాళ్లే చెప్పారు. ర్యామ్ పాడైతే అక్కడైనా ఇక్కడైనా పాడే కదా, అక్కడ బాగుండి ఇక్కడ పోతోందంటే మన ఇంటి కరెంటు మీద అనుమానం రావాలి. మీది కూడా షాపులో ఎలా ఉందో అడగండి ముందు.

ఆ తర్వాత మా ఆయన ఒక మాట అన్నారు, పోయినప్పుడల్లా టైమ్ రాసి పెట్టు అని. గోడ మీద క్యాలెండర్‌లో ఆ రోజు తిథి పక్కనే పెన్సిల్‌తో రాయడం మొదలుపెట్టాను. తొమ్మిది రోజులకి చూస్తే పొద్దున 6.10, 6.15, 6.05, సాయంత్రం 5.30, 5.40, దాదాపు అన్నీ ఇవే. ఓ నాలుగు మాత్రం మధ్యాహ్నం ఎక్కడెక్కడో ఉన్నాయి. పొద్దున ఆరుంపావుకి మా ఇంట్లో జరిగేది ఒకటే, బోరు మోటారు వేసి ట్యాంకు నింపుకోవడం. సాయంత్రం కూడా అంతే. మర్నాడు మోటారు స్విచ్ వేయించి నేను ట్యూబ్‌లైట్ కేసి చూస్తూ నించున్నా, వేయగానే లైటు ఒక్క క్షణం గుడ్డిదై మళ్లీ వెలిగింది, ఆ క్షణంలోనే కంప్యూటర్ పోయింది.

ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే మీటర్ పెట్టి చూపించాడు, మామూలుగా 220 ఉన్నది మోటారు ఎత్తుకునేటప్పుడు 135కి దిగి మళ్లీ పైకి వస్తోంది. మోటారు స్టార్టింగ్‌లో మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది, మా ఇల్లేమో లైన్ చివర్న. పైగా స్టార్టర్ పెట్టెలో మోటారుకి మొదటి ఊపునిచ్చే కెపాసిటర్ వీకైపోయి మోటారు చప్పున ఎత్తుకోలేక ఎక్కువసేపు లాగుతోందట. కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే ఎస్ఎంపీఎస్ ఉంది చూశారా, ఇంటి కరెంటు తెగితే అది లోపల దాచుకున్నదాంతో ఫుల్ లోడ్ మీద ఓ 16, 17 మిల్లీసెకన్లు మాత్రమే లాక్కురాగలదు, అంటే మన 50 హెర్ట్జ్ కరెంటులో ఒక్క సైకిల్ కూడా పూర్తిగా కాదు. కన్ను ఆర్పేలోపు అయిపోతుంది.

మరి కరెంటు పోతే కాసేపు బ్యాటరీ మీద నడిపే యూపీఎస్ ఉంది కదా అని మీరు అడుగుతారు, నేనూ అదే అడిగాను. ఎలక్ట్రీషియన్ ఏం మాట్లాడకుండా యూపీఎస్ ప్లగ్ గోడలోంచి పీకాడు, కంప్యూటర్ వెంటనే చచ్చిపోయింది. మూత విప్పితే బ్యాటరీ, అదే 12 వోల్టుల 7 ఏహెచ్ నల్ల డబ్బా, పక్కలు ఉబ్బిపోయి ఊడి బయటికి రావట్లేదు, స్క్రూడ్రైవర్‌తో మెల్లగా ఎత్తాల్సి వచ్చింది. యూపీఎస్ కొని నాలుగేళ్లు, ఆ బ్యాటరీలు మన ఎండలకి రెండు మూడేళ్లకి మించి రావు. నాకు బాగా తగిలిన విషయం ఏంటంటే బ్యాటరీ పోయిన యూపీఎస్ ఉండటం కంటే లేకపోవడమే నయం. దాని స్టిక్కర్ మీద ఇన్‌పుట్ 140 నుంచి అని ఉంది, వోల్టేజీ అంతకంటే కిందకి పోగానే అది గోడ కరెంటుని వదిలేసి బ్యాటరీ మీదకి దూకుతుంది, అక్కడ బ్యాటరీయే లేదు, ఇంక కంప్యూటర్ పోక ఏం చేస్తుంది. డైరెక్టుగా గోడకి పెట్టుంటే ఆ చిన్న డిప్పుని కొన్నిసార్లైనా తట్టుకునేదేమో.

బ్యాటరీ, స్టార్టర్ కెపాసిటర్ రెండూ మార్పించాక పొద్దున, సాయంత్రం రీస్టార్ట్‌లు పూర్తిగా ఆగాయి. మరి ఆ మధ్యాహ్నంవి నాలుగు? వాటికి ఇంకో నాలుగు రోజులు పట్టింది. క్యాలెండర్‌లో టైమ్ పక్కన ఏం చేస్తున్నానో కూడా రాయడం మొదలుపెడితే రెండుసార్లు వరసగా "ప్రింట్" అని పడింది. లేజర్ ప్రింటర్ కూడా అదే యూపీఎస్‌లో పెట్టాను నేను! లేజర్ ప్రింటర్‌లో కాగితాన్ని వేడి చేసే భాగం ఒక్కసారిగా వందల వాట్లు లాగుతుంది, మా 600 వీఏ యూపీఎస్ ఇవ్వగలిగిందే 360 వాట్లు. ప్రింటర్‌ని వేరే ప్లగ్‌కి మార్చాను, అంతే, ఆ తర్వాత ఇప్పటిదాకా ఒక్కసారి కూడా పోలేదు. మొత్తం కలిపి నాకు అయిన ఖర్చు షాపులో తగలేసినదాంట్లో మూడో వంతు కూడా కాదు.

ఇప్పుడు మీ సంగతి. మీది కూడా కరెంటే అని నేను చూడకుండా చెప్పలేను, కానీ పైసా ఖర్చు లేకుండా మీరే తేల్చుకోవచ్చు. స్టార్ట్‌లో ఈవెంట్ వ్యూయర్ అని కొట్టి తెరవండి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ నొక్కితే పెద్ద లిస్టు వస్తుంది, అందులో పోయిన టైమ్ దగ్గర ఎర్ర గుర్తుతో కెర్నల్ పవర్ 41 అని ఉంటుంది. అది చూసి పవర్ సప్లై పోయిందని చాలామంది కంగారు పడతారు, దానర్థం సరిగ్గా షట్‌డౌన్ అవ్వకుండా మళ్లీ లేచింది అని మాత్రమే, కారణం అది చెప్పదు. దాని మీద డబుల్ క్లిక్ చేసి డీటెయిల్స్ ట్యాబ్‌లో బగ్‌చెక్ కోడ్ అనే లైన్ చూడండి. అక్కడ 0 ఉంటే విండోస్‌కి ఏం జరిగిందో తెలిసేలోపే పోయింది, అంటే ఎక్కువసార్లు కరెంటు, యూపీఎస్, ఎస్ఎంపీఎస్, వేడి, ఇలాంటివి. 0 కాకుండా ఏదైనా నంబరు ఉంటే విండోస్ క్రాష్ అయింది, అప్పుడు ర్యామో డ్రైవరో అని షాపతను అన్నదాంట్లో అర్థముంది. 41 అసలు లేకుండా 1074 అని కనిపిస్తే అప్‌డేట్ కోసమో ఇంకేదో ప్రోగ్రామ్ అడిగితేనో విండోసే రీస్టార్ట్ చేసింది, అదేమీ జబ్బు కాదు.

ఇంకొకటి, బ్లూ స్క్రీన్ రావట్లేదు అన్నారు గానీ వచ్చినా మీకు కనపడకపోవచ్చు, ఎందుకంటే విండోస్ దాన్ని చూపించీ చూపించకుండానే రీస్టార్ట్ చేసేస్తుంది. అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్‌లో స్టార్టప్ అండ్ రికవరీ కింద సెట్టింగ్స్ నొక్కి ఆటోమేటికల్లీ రీస్టార్ట్ దగ్గర టిక్ తీసేయండి. క్రాష్ అయితే స్క్రీన్ అలాగే ఆగి ఉంటుంది, ఫోన్‌తో ఫోటో తీసుకోవచ్చు.

ర్యామ్ మీద అనుమానం ఉంటే విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ అని అందులోనే ఉంది, రాత్రి పెట్టి పడుకోండి. రెండు స్టిక్‌లుంటే ఒక్కోటి మార్చి మార్చి నడిపి చూడండి. తీసినప్పుడు ఆ బంగారు రంగు పళ్లని పిల్లల పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి పెడితేనే చాలా సిస్టమ్‌లు బాగైపోతాయి, కొత్తది కొనక్కర్లేదు. వేడి సంగతి అయితే వేడి ఎంతుందో చూపించే హెచ్‌డబ్ల్యూ మానిటర్ లాంటి ప్రోగ్రామ్ వేసి బాబు టెస్ట్ రాసేటప్పుడు ప్రాసెసర్ ఎంత వేడిలో ఉందో చూడండి, 95 డిగ్రీలు దాటి వెళ్తుంటే ఫ్యాన్ కింద వేడి లాగే హీట్‌సింక్‌లో దుమ్ము దుప్పటిలా పేరుకుని ఉంటుంది, అది దులిపి ప్రాసెసర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య రాసే పేస్ట్ కొత్తది రాయించండి. కేబినెట్ ముందు రీసెట్ బటన్ ఇరుక్కుపోయినా ఇదే వరస, దాని రెండు పిన్నుల వైరు మదర్‌బోర్డ్ మీద పీకేసి ఒకరోజు నడిపితే తేలిపోతుంది.

ఎస్ఎంపీఎస్ మీదే అనుమానమొస్తే తెలిసినవాళ్ల దగ్గర మంచిది ఒకటి రెండ్రోజులకి అడిగి పెట్టి చూడండి. దాన్ని మాత్రం విప్పకండి, దయచేసి. ప్లగ్ తీసేశాక కూడా లోపల పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకి పైనే నిలిచి ఉండొచ్చు, షాక్ కొడితే ప్రాణం మీదకొస్తుంది. అలాగే కేబినెట్ ముట్టుకుంటే వేలికి జిల్లుమంటోందా చూడండి, అంటే ఎర్తింగ్ లేనట్టే, మా ఎర్తింగ్ గుంటలో కూడా బొగ్గూ ఉప్పూ ఎండిపోయి ఉన్నాయి, ఎండాకాలం వారానికోసారి రెండు బిందెల నీళ్లు పోస్తున్నాం ఇప్పుడు. కంప్యూటర్ ఇన్వర్టర్ మీద ఉంటే దాని స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో కూడా చూసుకోండి, నార్మల్ మోడ్‌లో మారడానికి ఎక్కువ టైమ్ తీసుకుంటుంది, ఫ్యాన్లకి పర్లేదు గానీ కంప్యూటర్ అంతసేపు తట్టుకోలేదు.

ఇవాళే చేయాల్సిందైతే బాబు ఫైళ్లూ ఇంట్లో ఫోటోలూ ఒక పెన్‌డ్రైవ్‌లోకి తీసి పెట్టుకోవడం, షాపుకి పంపినా పంపకపోయినా. తర్వాత కంప్యూటర్ ఆన్‌లో ఉండి, ఫైళ్లేవీ తెరిచి లేనప్పుడు ఒక్కసారి యూపీఎస్ ప్లగ్ గోడలోంచి తీసి చూడండి, పది సెకన్లలో సగం సంగతి తెలిసిపోతుంది. బాబు టెస్ట్‌లకి ఈ వారం ఎవరిదైనా ల్యాప్‌టాప్ అడిగి తెచ్చుకోండి పాపం, బ్యాటరీ బాగున్నదైతే దానికి ఈ మోటార్లతో గొడవ లేదు. పోయినప్పుడల్లా టైమూ, ఆ క్షణంలో ఇంట్లో, పక్కింట్లో ఏం ఆన్ చేశారో రాసి పెట్టి, బగ్‌చెక్ దగ్గర ఏ నంబరుందో కూడా చెప్పండి, చూసి నాకు తెలిసినంతవరకు చెప్తాను.